బోర్లించి చూస్తే

గిన్నె కొనడానికి వెళ్ళిన ఆడవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? ముందు వేలితో కొట్టి చప్పుడు వింటారు. తర్వాత చేత్తో ఎత్తి బరువు చూస్తారు. ఆ పైన తప్పకుండా బోర్లిస్తారు. పైన ఎంత తళతళలాడుతున్నా సరే, అడుగు మందంగా వుందా, అతుకేమన్నా వుందా, కంపెనీ ముద్ర పడిందా అని చూసుకుంటే గాని మన మనసు నిమ్మళించదు. పట్టుచీరయితే అంచు తిరగేస్తాం. ఉంగరమైతే లోపలివైపు వెలుతురుకి పెట్టి చూస్తాం. "పైనంతా బాగానే వుంది కదమ్మా" అని షాపువాడు విసుక్కుంటాడు. పై భాగం చూసిపోయేవాళ్ళ కోసం, అడుగు దాన్ని ఇంట్లో పెట్టుకునేవాళ్ళ కోసం అని వాడికి ఎవరు చెప్పాలి?

ఈ అడుగు సంగతి మీద నేను ఈమధ్య చాలా ఆలోచించాల్సి వచ్చింది. గిన్నెల వల్ల కాదు, బొమ్మకార్ల వల్ల. నవ్వకండి. ఆ కార్ల మూలంగా మా ఇంట్లో రెండు రోజులు వాదోపవాదాలు జరిగాయి.

మాది ఖిలా వరంగల్. కోట గోడల లోపలే మా ఇల్లు. మా ఆడబిడ్డ కొడుకు మా దగ్గరే వుంటున్నాడు. ఇంజనీరింగు చదివి ఒక కంపెనీలో చేరాడు. వాళ్ళు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు పెట్టె సర్దుకుని వచ్చేశాడు. మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా అని మొదలుపెట్టిన పనే ఇప్పుడు వాడికి చేతి ఖర్చు తెచ్చిపెడుతోంది. పాతకాలపు స్పోర్ట్స్ కార్ల నమూనాలు తీసుకుని, వాటికి లేని సొగసులు దిద్దడం ఆ పని. సరదా వున్నవాళ్ళు పార్సిల్లో పంపిస్తారు, వీడు బాగుచేసి తిరిగి పంపిస్తాడు.

పిల్లలాటలా కనిపించే ఈ పనికి కచ్చితమైన లెక్క వుంది. జాగ్వార్ ఈ-టైప్ అని 1961లో వచ్చిన కారు వుంది. పొడుగాటి ముక్కుతో, పరుగెత్తబోయే జింకలా వుంటుంది. అసలు కారు పొడవు దాదాపు పద్నాలుగున్నర అడుగులు. దాన్ని పద్దెనిమిదో వంతుకి తగ్గిస్తే జానెడు మీద కాస్త ఎక్కువ. నలభైమూడో వంతుకి తగ్గిస్తే అరచేతిలో ఒదుగుతుంది. అరవైనాలుగో వంతుకి తగ్గిస్తే వేలెడంత. ఈ పొట్టివాటికి ఒక ముచ్చటైన కథ వుంది. లండన్‌లో లెస్నీ అనే కంపెనీ భాగస్వామి జాక్ ఒడెల్ కూతురు చదివే బళ్ళో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవాలని నియమమట. ఆ తండ్రి ఇత్తడితో ఇంతే రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకు ఆ పేరు అలా వచ్చింది. 

వంతు తగ్గినకొద్దీ పని పెరుగుతుంది. పద్దెనిమిదో వంతు కారు మీద ఒక మిల్లీమీటరు తేడా వస్తే, అసలు కారు మీద అది పద్దెనిమిది మిల్లీమీటర్లు. అంటే బొటనవేలి వెడల్పు. రంగు కాస్త మందంగా పడితే కారుకి సున్నం వేసినట్టు వుంటుంది. అందుకని వీడు ముందు అడుగు రేకుని బిగించిన రివెట్లు చిన్న బరమాతో తొలిచి కారుని విప్పుతాడు. ఫ్యాక్టరీ రంగు గీకేస్తాడు. అచ్చుపోసినప్పుడు మిగిలిన గీతలు సన్నని ఉప్పుకాగితంతో అరగదీస్తాడు. ఆ తర్వాత పొగమంచులాగా పలచగా రంగు కొడతాడు, ఆరనిస్తాడు, మళ్ళీ కొడతాడు. తలుపు సందుల్లో పలచని నల్లరంగు జారవిడిచి పైన తుడిచేస్తాడు. కళ్ళకి కాటుక పెట్టినట్టు, కారు ముఖం ఒక్కసారిగా తేరుతుంది.

ఇక సామగ్రి అంతా మా ఇంట్లోంచే. పాడైన మోటారులోంచి తీసిన సన్నని రాగితీగ ఇంజనులో వైర్లవుతుంది. మా అత్తయ్య మందుల అట్టల మీది వెండిరేకు అద్దాల చుట్టూ పట్టీ అవుతుంది. నా పాత పర్సు తోలు సీట్లకు పోయింది. ముఖమల్ బొట్టు బిళ్ళలు కారు లోపల తివాచీగా మారిపోయాయి. అద్దం ముందు నిలబడి "నా బొట్లేవిరా?" అంటే, "జాగ్వార్‌ల ఉన్నయత్తా" అంటాడు. గోళ్ళ రంగు సీసా అడుగంటితే అది హెడ్‌లైట్ల మీదికి పోయిందని నాకు చెప్పకుండానే తెలిసిపోతుంది. 

చివరికి బానెట్ మూసేస్తాడు. లోపల రెండు రోజులు కూర్చుని కలిపిన రాగివైర్లు ఇంకెవరికీ కనబడవు. మావారికి ఇది ఎప్పటికీ మింగుడుపడదు. "మూసేసేదానికి గంత కష్టం ఎందుకురా?" అంటారు. నాకు మాత్రం అర్థమవుతుంది. రవిక లోపలివైపు కుట్లు పోగులు లేకుండా మలిచే దర్జీ చేతిలో మనకి కనబడే మర్యాదే వీడి చేతిలోనూ వుంది. 

ఈ సరదాగాళ్ళలో రెండు తెగలున్నాయని వాడు చెప్తే తెలిసింది. ఒక తెగవాళ్ళకి అసలు కారు ఎలా వుంటే నమూనా అలాగే వుండాలి. ఒకప్పుడు పందేల్లో ఏ దేశం కార్లకి ఆ దేశం రంగు వుండేది. ఇటలీకి ఎరుపు, ఇంగ్లండుకి ఆకుపచ్చ, ఫ్రాన్సుకి నీలం, జర్మనీకి వెండి. ఇటలీ కారుకి ఆకుపచ్చ పూస్తే వీళ్ళకి ఏకాదశినాడు కోడికూర వండినంత అపచారం. రెండో తెగవాళ్ళు నా కారు నా ఇష్టం అంటారు. చక్రాలు మారుస్తారు, పైకప్పు కోసేస్తారు, ఏనాడూ రోడ్డెక్కని కారుకి బురద, తుప్పు, గీతలు అన్నీ రంగుతోనే తెప్పిస్తారు. ఇలాంటి స్వేచ్ఛ పేరున్న కంపెనీలూ తీసుకున్నాయి. 1964లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమాలో ఆస్టన్ మార్టిన్ కారు వెండి రంగుది. మరుసటి ఏడాది కోర్గీ కంపెనీ దాని బొమ్మ తయారుచేసి బంగారు రంగు పూసింది. వెండి రంగు వేస్తే అసలు రంగే వేయనట్టుంటుందని. పిల్లలు ఎగబడి కొన్నారు. ఒక్కళ్ళూ మోసం అనలేదు.

అయితే నకలు చేయడం అబద్ధమాడటమేనా? ఇక్కడే నా ఆలోచన మొదలైంది.

మనకి తెలియని నకళ్ళా! బందరు దగ్గర చిలకలపూడి నగలు తరాలుగా పెట్టుకుంటున్నాం. అవి బంగారం కాదని అమ్మేవాడికి తెలుసు, కొనేవాళ్ళకి తెలుసు, పెళ్ళిలో చూసేవాళ్ళకీ తెలుసు. అయినా ఆ పనితనం చూసి "ఎక్కడ కొన్నావమ్మా" అని అడుగుతాం. మా ఊరి కీర్తితోరణం సంగతి చూడండి. కాకతీయులు కట్టిన స్వయంభూ దేవాలయం పడిపోయింది. చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు మాత్రం నిలబడ్డాయి. వాటికి ఇప్పుడు ఎన్ని నకళ్ళో లెక్కలేదు. పెంబర్తి ఇత్తడి పనివాళ్ళ చేతిలో జ్ఞాపికగా మారింది. 2014లో తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో కొలువుదీరింది. మా వీధి పెళ్ళిళ్ళలో థర్మోకోల్‌తో లేచి మర్నాటికి చెత్తబండి ఎక్కుతుంది. ఇన్ని నకళ్ళ వల్ల అసలు తోరణానికి ఏ లోటూ రాలేదు. పైగా ఇత్తడి తోరణం చూసినవాళ్ళకే అసలుదాన్ని చూడాలని బుద్ధిపుడుతుంది. కాబట్టి నకలులో తప్పేమీ లేదు. ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఒక పార్సిలుతో వచ్చింది. దూరపు నగరంనుంచి ఒకాయన ఒక కారు పంపించాడు. 1960 ప్రాంతంలో వచ్చిన ఒక బొమ్మని ఈమధ్య మళ్ళీ అచ్చం అలాగే తయారుచేశారట. అది ఆ కొత్త సరుకు. దానికి పాత రంగు తెప్పించాలి, అంచుల్లో కాస్త రాలినట్టు చేయాలి, టైర్లు ఎండి గట్టిపడినట్టు కనబడాలి. అంతవరకూ వీడికి చేతివాటం. ఆఖరున ఇంకో చిన్న పని. అడుగున వున్న కొత్త రాత గీకేసి, పాతకాలపు బొమ్మ మీద వుండే రాత చెక్కాలి. రివెట్లు కూడా పాతవాటిలా నొక్కాలి. కూలి మామూలుకి నాలుగింతలు.

కుర్రవాడు రెండు రోజులు ఆ కారు ముందు కూర్చున్నాడు గాని చేయి పెట్టలేదు. మూడో పూట మా అత్తయ్యే కదిపింది.

"ఏందిరా గట్ల కూసున్నవ్? అడుగున గీతలు గీసుడే గదా. అడుగున ఎవలు చూస్తరు బిడ్డా?"

"అందరికన్న ముందు అడుగే చూస్తరు అమ్మమ్మా. అందుకే గన్ని పైసలిస్తనంటుండు."

నాకు ఆ మాటతో సగం విషయం తేలిపోయింది. రంగుకి మామూలు కూలి, టైర్లకి మామూలు కూలి. పైన ఇస్తానన్న మూడింతలూ ఆ నాలుగు అక్షరాలకే. పనికి ఇచ్చేది ఎంతో, పలకకుండా వుండటానికి ఇచ్చేది ఎంతో అతనే విడదీసి చెప్పినట్టయింది.

మావారు మాత్రం న్యాయవాదిలా మాట్లాడారు. "వాడు అమ్ముకుంటే వాడి పాపం. మనోడు చేసేది పని. కత్తి చేసిన కమ్మరి మీద ఎవరన్న కేసు పెడతరా?" వినడానికి బాగానే వుంది. కాని కత్తితో కూరగాయలు తరగవచ్చు. పాత రాత చెక్కిన అడుగు రేకుతో మోసం తప్ప ఇంకేం చేస్తారు? దానికి ఇంకో ఉపయోగం వుంటే చెప్పమన్నాను. ఆయన పేపరు చదువుకున్నారు.

ఈ సరదాలో వున్నవాళ్ళు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఫ్యాక్టరీనుంచి వచ్చింది వచ్చినట్టుంటే కోడ్ 1. కంపెనీ ఒప్పుకోలుతో ఇంకొకరు మార్చితే కోడ్ 2. ఎవరింట్లో వాళ్ళు సొంతంగా మార్చుకుంటే కోడ్ 3. మావాడివన్నీ కోడ్ 3 బాపతే. ఆ మాటలో తక్కువతనం లేదు. మంచి కోడ్ 3ని అడిగి కొనుక్కునేవాళ్ళున్నారు. అది కోడ్ 1నని చెప్పి అమ్మితేనే చిక్కు. అసలు కార్లకీ ఇదే న్యాయం. ఫెరారీ 250 జీటీవో అని 1962, 64 మధ్య నలభైలోపు కార్లే చేశారు. 2018లో అమెరికాలో ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. చూడటానికి అచ్చం అలాగే వుండే కారుని ఈనాటి పనివాళ్ళూ తయారుచేయగలరు. కాని ఛాసిస్ మీద కొట్టిన నంబరు, దాని వెనక నడిచిన చరిత్ర ఎవరు తయారుచేయగలరు? ఆ డబ్బంతా దానికే. నూనె మరకల కింద, ఎవరూ వంగి చూడని చోట వుండే నాలుగంకెలకి.

నా వాదానికి నాకే ఒక అడ్డు తట్టింది. చీర చిరిగితే రఫూ చేయిస్తాం. ఎంత కనబడకపోతే అంత గొప్ప పని అంటాం. అక్కడ అతుకు దాచడం నేర్పు అయితే, ఇక్కడ తప్పెందుకయింది? చాలాసేపు తన్నుకున్నాక ఒకటి తోచింది. రఫూ చేసిన చీర నేనే కట్టుకుంటాను. దాని చిరుగు నాకు తెలుసు. అదే చీర కొత్తదని చెప్పి పక్కింటావిడకి అమ్మినరోజున, దారం అదే, నేర్పు అదే, పని మాత్రం మారిపోతుంది. అంటే మంచిచెడ్డలు చేతిలో లేవు. ఎవరికి తెలియాలో వాళ్ళకి తెలిసిందా లేదా అన్నదానిలో వున్నాయి.

"నేను అడిగినవాళ్ళకి నిజమే చెప్తా" అనుకుంటే సరిపోతుందా? అదీ చాలదు. మనం ఎల్లకాలం వుండం. వస్తువు వుంటుంది. ఇవాళ నిజం చెప్పి ఇచ్చిన బొమ్మ రేపు వాళ్ళ అబ్బాయి చేతికి వెళ్తుంది, ఆ తర్వాత పాతసామాన్ల దుకాణానికి వెళ్తుంది. అప్పుడు మన నోరు అక్కడ వుండదు. అందుకే ఆ నిజాన్ని వస్తువు మీదే రాసి వదలాలి. మన పూర్వులకి ఈ సంగతి బాగా తెలుసు. గుడి కట్టి పక్కనే శాసనం నిలబెట్టారు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే, అక్కడి రాయి చెప్పబట్టే.

పాత కట్టడాలని బాగుచేసేవాళ్ళు కూడా ఇదే మాట అన్నారు. 1964లో వెనిస్ నగరంలో కూర్చుని రాసుకున్న ఒప్పందంలో ఒక నియమం వుంది. పోయిన భాగం చోట కొత్తది పెడితే అది మొత్తంతో కలిసిపోవాలి, కాని దగ్గరికి వెళ్తే ఇది కొత్తది అని తెలియాలి. ఎంత బాగా చెప్పారో చూడండి. దూరంనుంచి అందం చెడకూడదు, దగ్గరనుంచి నిజం చెడకూడదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, మళ్ళీ పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. ఏది పాత రాయో ఏది కొత్త రాయో చూసి తెలుసుకోవాలన్న ఆశ నాలాంటివాళ్ళకి వుంటుంది. ఆ ఆశని కాదనకపోవడం కూడా పనితనంలో భాగమే.

మార్కెట్టు కూడా ఈ దారికే వచ్చింది. చేనేతకి 2006లో గుర్తు పెట్టారు. బంగారానికి 2021 జూన్‌నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. నగ ఎంత పెద్దదైనా ఆ ముద్ర మాత్రం లోపలివైపే, ఆవగింజంత వుంటుంది. 

ఇంతకీ మావాడు ఏం చేశాడంటారా? ఫోన్ చేసి, "పైన మీరు చెప్పినట్టే చేస్త సార్. అడుగు మాత్రం ముట్ట" అన్నాడు. అవతలాయన కోప్పడలేదు కూడా. నవ్వి, కారు తిప్పి పంపించమన్నాడు. "నువ్వు కాకపోతే ఇంకొకడు చేస్తడు తమ్మీ" అన్నాడట.

ఆ మాటే వాడిని తినేసింది. నిజమే కదా! అబద్ధం ఆగలేదు. డబ్బు మాత్రం ఆగిపోయింది. ఆ నెల వాడి ఫోన్ రీచార్జి కూడా మావారే చేయించారు. ఏం సాధించినట్టు?

దీనికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. కాని ఈ "ఇంకొకడు చేస్తాడు" అన్న మాట మనం ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదు? మనం కట్నం వద్దంటే ఇంకొకళ్ళు పుచ్చుకుంటారు. మనం లంచం ఇవ్వకపోతే ఇంకొకడిచ్చి పని చేయించుకుంటాడు. ఆ ఇంకొకడు ఎవరో ఎవరూ చూడలేదు. వాడు అవతలి వీధిలో కూర్చుని, మన పేరే చెప్పి అదే పని చేస్తూ వుంటాడు. వాడికి ఇంకొకడిగా వుండేది మనమే! లోకంలో అబద్ధాలన్నీ ఆపడం మావాడి వల్ల కాదు. తను ఆ ఇంకొకడు కాకుండా వుండటం వాడి చేతిలో పని. అదే చెప్పాను. ఒప్పుకున్నాడో, నన్ను నొప్పించలేక తలూపాడో తెలియదు.

ఒక్కటి మాత్రం అప్పటినుంచీ చేస్తున్నాడు. పని పూర్తయిన ప్రతి కారు అడుగున, ఫ్యాక్టరీ రాత పక్కన, సన్నని కుంచెతో తన పేరు మొదటి అక్షరం, మార్చిన ఏడాది, ఖిలా వరంగల్ అని రాస్తున్నాడు. తొలిచిన రివెట్ల చోట మరలు బిగించి, వాటిని కప్పకుండా వదిలేస్తున్నాడు. "పేరు రాసుకుంటున్నవా, శిల్పి అయినవా?" అని మావారు ఎగతాళి చేశారు. అది ఒప్పుకోలు కూడానని ఆయనకి తట్టలేదు. ఇది నేను మార్చాను, తప్పున్నా ఒప్పున్నా నాదే అని అంతమాటా అందులో వుంది. 

తిరిగి వెళ్ళిపోయిన ఆ కారు గురించి అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఈపాటికి ఎవరో దాని అడుగు చెక్కే వుంటారు. ఎవరో పెద్దమనిషి చిన్నప్పుడు కొనుక్కోలేకపోయిన బొమ్మ ఇన్నాళ్ళకి దొరికిందని, పెన్షన్ డబ్బు పెట్టి కొనే వుంటాడు. అద్దాల బీరువాలో పెట్టి, మనవలని ముట్టుకోనివ్వకుండా, పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ వుంటాడు. బోర్లించి చూసి, పాత రాత చదువుకుని మురిసిపోతూ వుంటాడు. ఆయన సంతోషంలో కల్తీ లేదు, కారులోనే వుంది. ఈ మాట ఎవరైనా వెళ్ళి ఆయనకి చెప్పాలా, చెప్పకూడదా? ఇది మాత్రం నాకు తేలలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.